టిక్కు పడితే నిజమేనా?

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కీసర వెళ్లే దారిలో నాగారం తగులుతుంది. సాయంత్రం ఏడు దాటాక ఆ రోడ్డు పక్కన ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా ఒకటే తంతు. కొన్నవాడు ఫోను తీసి క్యూఆర్ కోడ్ మీద పెడతాడు, ఎంతో కొడతాడు, పిన్ నొక్కుతాడు. తెర మీద చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది. తిరిగి తిరిగి ఆకుపచ్చ వలయంగా విచ్చుకుంటుంది, దాని మధ్యలో తెల్లటి టిక్కు ఎవరో కలంతో గీస్తున్నట్టు ఎడమ నుంచి కుడికి పడుతుంది, 'టింగ్' మని చప్పుడు. కొన్నవాడు ఫోను తిప్పి చూపిస్తూ "పైసలు పడ్డయన్నా" అంటాడు. కొట్టాయన ఆ తెర వైపు చూడడు. పప్పు పొట్లం చేతిలోనే పట్టుకుని గల్లాపెట్టె పక్కనున్న సౌండ్‌బాక్స్ వైపు చెవి ఒగ్గుతాడు. అది ఫలానా రూపాయలు అందాయని తెలుగులో పలికాకే పొట్లం చేతులు మారుతుంది.

బేరం అప్పటికే అయిపోయింది. ఆ రెండు మూడు క్షణాల్లో ఇద్దరి మధ్య మిగిలింది చాలా పాత తాత్విక వివాదం. ఒక సంగతి మనకు తెలిసిందంటే, అది నిజమన్న భరోసా ఎక్కడి నుంచి వస్తుంది? మీమాంసకులూ నైయాయికులూ తరాల తరబడి దీని మీదే వాదించుకున్నారు. కుమారిల భట్టు దారిన నడిచిన మీమాంసకుల మాట ఇది: జ్ఞానం కలగడంతోనే ప్రామాణ్యం దాని వెంట వస్తుంది. దాన్ని కొట్టేసే మరో జ్ఞానం ఎదురయ్యేదాకా అది నిజమే. దీనికి స్వతఃప్రామాణ్యమని పేరు. నైయాయికులు ఒప్పుకోలేదు. జ్ఞానం కలగడం వేరు, అది నిజమని తేలడం వేరన్నారు. దూరాన నీళ్లు కనబడ్డాయి. దగ్గరికి వెళ్లి దోసిలి పట్టి తాగితే దాహం తీరింది. అప్పుడు కదా కనబడినవి నీళ్లేనని తేలింది? ఇది పరతఃప్రామాణ్యం. టిక్కు చూడగానే ఫోను జేబులో వేసుకునే మనిషి తనకు తెలియకుండానే మీమాంసకుడు. సౌండ్‌బాక్స్ మాట కోసం ఆగిన కొట్టాయన నైయాయికుడు.

ఆయన అనుమానం ఊరికే పుట్టలేదు. అసలు చెల్లింపు యాప్‌ను పోలిన నకిలీ యాప్‌లు బజారులోకి వచ్చాయి. అదే ఆకుపచ్చ వలయం, అదే టిక్కు, అదే చప్పుడు. వెనక మాత్రం బ్యాంకు లేదు, ఖాతా లేదు, పైసా కదల్లేదు. వీటితో దుకాణదారులను మోసం చేసినవాళ్లను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి. ఆ నకిలీ తెరను భూతద్దం పెట్టి చూసినా లోపం కనపడదు. అసలు యాప్‌లో టిక్కును గీసేది కూడా ఫోనులోని నాలుగు వరుసల ప్రోగ్రామే మరి. బొమ్మలో తేడా లేదు. ఆ బొమ్మను కదిలించిందేమిటన్న దగ్గర ఉంది తేడా. ఒకచోట బ్యాంకు సర్వరు నుంచి వచ్చిన జవాబు కదిలించింది, రెండోచోట ఏదీ కదిలించకుండానే అది కదిలింది. సౌండ్‌బాక్స్‌కు విలువ కూడా అందుకే. అందులో దాని సిమ్ దానికి ఉంటుంది. కబురు దానికి నేరుగా సర్వరు నుంచి వస్తుంది, కొన్నవాడి ఫోను మీదుగా రాదు.

ఉప్పల్‌లోని ఐటీ సెజ్‌కో పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణానికో ఈ చుట్టుపక్కల నుంచి రోజూ వెళ్లి వచ్చేవాళ్లు ఎందరో. కంటికి కనబడే భాగాన్ని వాళ్లు ఫ్రంటెండ్ అంటారు, ఎక్కడో సర్వరులో లెక్క చూసే భాగాన్ని బ్యాకెండ్ అంటారు. రెండింటినీ కలపడం వాళ్లకు రోజువారీ పని. ఆ పనిలో ఒక చిన్న నిర్ణయం ఉంటుంది. టిక్కు గీసే ఆజ్ఞను ఎక్కడ పెట్టాలి? మీట నొక్కిన చోట పెడితే నొక్కగానే టిక్కు పడుతుంది. చూడ్డానికి చురుగ్గా ఉంటుంది, వాడేవాడు సంబరపడతాడు. సర్వరు జవాబు అందిన చోట పెడితే ఆలస్యమవుతుంది. నెట్ సరిగా లేనప్పుడు చక్రం తిరుగుతూనే ఉంటుంది. కోడ్‌లో ఈ రెంటి మధ్య దూరం ఒకటి రెండు వరుసలకు మించదు. కానీ మొదటి చోట పెట్టిన టిక్కు 'అడిగాను' అని మాత్రమే చెప్పగలదు. రెండో చోట పెట్టింది 'అయింది' అని చెబుతుంది. 'అడిగాను'కు 'అయింది' వేషం కట్టినప్పుడు అసత్యం పుడుతుంది. అబద్ధమాడాలని ఎవరూ కూర్చుని అనుకోకపోయినా పుడుతుంది.

వెబ్‌లో బొమ్మలు కదలడం మొదలైన నాటి నుంచీ ఈ చిక్కు ఉంది. 1996లో వచ్చిన ఫ్లాష్‌తో ఒక తరం వెబ్ డిజైనర్లు తెరను సినిమాగా మార్చేశారు. ఫ్లాష్ బొమ్మకు సొంత కాలరేఖ ఉంటుంది. ఫలానా ఫ్రేములో తలుపు తెరుచుకోవాలి, ఫలానా ఫ్రేములో పేరు వెలగాలి. వెనక పీహెచ్‌పీలో రాసిన సర్వరు ప్రోగ్రాముకు ఆ కాలరేఖతో సంబంధం లేదు, దాని జవాబు దాని తీరికను బట్టి వస్తుంది. తలుపు తెరుచుకునే ఫ్రేము వచ్చేసింది, సర్వరు నుంచి పేరు ఇంకా రాలేదు. బొమ్మ ఆగాలా, సాగాలా? ఆ రోజుల్లో ఫ్లాష్ వాళ్లకు తలనొప్పి తెచ్చిన ప్రశ్న ఇదే. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ 'ఎజాక్స్' అని పేరు పెట్టిన పద్ధతితో, పేజీ మొత్తం మళ్లీ తెచ్చుకోకుండానే సర్వరుతో మాట్లాడటం మామూలైపోయింది. ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబరు 31న మంగళం పాడింది. ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. యానిమేషన్‌కు ఎప్పుడు ముగియాలో ముందే తెలుసు, సెకనులో మూడో వంతో సగమో. సర్వరు జవాబుకు అలాంటి గడువు లేదు. ఆ రెండు కాలాలకూ ముడి వేసేటప్పుడు ఏది దేని కోసం ఆగాలన్నది సాంకేతిక ప్రశ్నగా కనబడే ధర్మప్రశ్న.

తెర మీద కనబడేదాన్ని మనం ప్రత్యక్షమనుకుంటాం. కంటితో చూస్తున్నాం కాబట్టి అలా అనిపిస్తుంది. తర్కం ప్రకారం మనకు ప్రత్యక్షమైంది ఆకుపచ్చ రంగూ తెల్లటి గీతా మాత్రమే. 'డబ్బు చేరింది' అన్నది ప్రత్యక్షం కాదు, ఒకరు చెప్పగా తెలిసింది. అది శబ్ద ప్రమాణం కిందికి వస్తుంది. అలాంటప్పుడు తెర గురించి అడగవలసిన ప్రశ్న ఒక్కటే, చెప్పినవాడు ఆప్తుడా కాడా?

ఆప్తుడంటే ఎవరో తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దిలో తర్కసంగ్రహంలో తేల్చిచెప్పాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. ఇప్పటికీ తర్కం నేర్చుకోబోయే విద్యార్థి చేతికి ముందుగా వచ్చేది ఆ చిన్న పుస్తకమే. అంతకు చాలా ముందే న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడి లక్షణాన్ని ఇంకాస్త విప్పాడు. విషయాన్ని అతడు స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికా ఉండాలి. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమే అని కూడా అన్నాడు. ఆప్తత్వం పుట్టుకతోనో పీఠంతోనో రాదు, మాట్లాడే తీరుతో వస్తుంది. అంత విశాలంగా గీసిన నిర్వచనం కనుకే దాన్ని ఈనాటి తెరకూ కొలబద్దగా పెట్టవచ్చు.

ఆ కొలతకు నిలిచే తెరలు లేకపోలేదు. రోజూ కోట్లమంది చేతుల్లో ఉండే వాట్సాప్ ఒకటి. సందేశం పంపగానే పక్కన చిన్న గడియారం బొమ్మ వస్తుంది, మాట ఇంకా మీ ఫోను దాటలేదని దాని అర్థం. బూడిద రంగు టిక్కు ఒకటి పడితే సర్వరుకు చేరింది. రెండు పడితే అవతలివాళ్ల ఫోనుకు చేరింది. 2014 నవంబరు నుంచి, చదివారంటే రెండూ నీలమవుతాయి. ఒక్కో గుర్తు వెనకా ఒక్కో సంఘటన ఉంది. తనకు తెలియనిదాన్ని తెర ఎక్కడా చెప్పడం లేదు. ఆ గడియారం బొమ్మను డిజైనర్లు ఎందుకో ఎక్కువగా పొగడరు. 'ఇంకా కాలేదు' అని చెప్పడానికి కూడా ఒక గుర్తు కేటాయించడం మామూలు నిజాయితీ కాదు. వెబ్‌కు పునాది అయిన హెచ్‌టీటీపీ నియమాల్లోనూ ఇలాంటిదొకటుంది. సర్వరు 200 అని జవాబిస్తే పని సఫలమైనట్టు. 202 అని ఇస్తే, మీ కోరిక స్వీకరించాను, ఇంకా పూర్తి చేయలేదు అని అర్థం. ఈ రెండు అంకెలకూ ఒకే పచ్చటిక్కు గీసే ఫ్రంటెండ్ సర్వరు చెప్పిన మాటను మార్చి చెబుతున్నట్టే.

ఇంతవరకూ నైయాయికుడిదే పైచేయి. మీమాంసకుడు అప్పట్లోనే వేసిన ఒక చురకైన ప్రశ్న మిగిలి ఉంది. మొదటి జ్ఞానం నిజమని తేల్చడానికి రెండోది కావాలంటున్నావు. ఆ రెండోది నిజమని తేల్చేదెవరు? మూడోది. దానికి? ఈ గొలుసుకు కొస లేదు. శాస్త్రం దీన్ని అనవస్థ అంటుంది.

కంప్యూటరు శాస్త్రం ఇదే గోడకు 1975లో గుద్దుకుంది. ఆ ఏడాది అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు నెట్‌వర్కుల రూపకల్పన మీద ఒక పత్రం ప్రచురించారు. అందులో వాళ్లు చూపిన చిక్కుకు తర్వాత జిమ్ గ్రే 'ఇద్దరు సేనాపతుల సమస్య' అని పేరు పెట్టాడు. రెండు కొండల మీద రెండు సేనలున్నాయి, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు. వార్తాహరుడు లోయలోంచే వెళ్లాలి, దారిలో పట్టుబడవచ్చు. మొదటి సేనాపతి "తెల్లవారగానే దాడి" అని కబురు పంపాడు. అది చేరిందో లేదో అతడికెలా తెలుస్తుంది? అవతలివాడు "చేరింది" అని తిరుగు కబురు పంపాలి. ఆ తిరుగు కబురు చేరిందని అవతలివాడికి తెలియాలంటే మళ్లీ ఇటు నుంచి ఇంకొకటి పంపాలి. ఎన్ని కబుర్లు నడిచినా చివరిది పంపినవాడికి సందేహం మిగిలే ఉంటుంది. కబురు పోయే అవకాశమున్న దారిలో ఎన్ని పరిమిత సందేశాలతోనూ ఇద్దరికీ సంపూర్ణ నిశ్చయం కలగదని గణితమే నిరూపించింది. మీమాంసకుడు వేలెత్తి చూపిన అనవస్థే మరో దారిలో ఇక్కడికి చేరింది.

నాగారం కొట్టు ముందు ఇది నిజంగా జరుగుతుంది. యూపీఐలో డబ్బు ఒక్క గెంతులో పోదు. పంపేవాడి యాప్ నుంచి దాని బ్యాంకుకు, అక్కడి నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ స్విచ్‌కు, అక్కడి నుంచి డబ్బున్న బ్యాంకుకు కబురు వెళుతుంది. ఆ బ్యాంకు ఖాతాలో కోత పెట్టి జవాబిస్తుంది. ఎన్‌పీసీఐ అప్పుడు అందుకునే బ్యాంకును జమ చేయమంటుంది. కోత పడింది, జమ చేయమన్న కబురు వెళ్లింది, జవాబు గడువులోగా రాలేదు అనుకోండి. జమ అయి జవాబు దారిలో పోయిందా, అసలు జమే కాలేదా? ఆ క్షణంలో ఆ సంగతి ఈ చివర ఉన్నవాళ్లెవరికీ తెలియదు. ఈ స్థితికి చెల్లింపుల పరిభాషలో 'డీమ్డ్' అని పేరుంది. మన ఫోనులో 'పెండింగ్' అని పసుపు రంగులో కనబడేవాటిలో ఇదొకటి. ఆ పసుపు రంగును జనం తిట్టుకుంటారు. నిజానికి తెర మన పట్ల అత్యంత మర్యాదగా ప్రవర్తించేది అప్పుడే. సంశయాన్ని సంశయంగానే చెబుతోంది. అన్నంభట్టు లెక్కలోనూ సంశయం ఒక విడి గది. ముత్యపు చిప్పను వెండి అనుకోవడం భ్రమ. దూరాన కనబడింది మోడో మనిషో తేలకపోవడం సంశయం. తేలనిదాన్ని తేలిందని చూపిస్తే సంశయం కాస్తా భ్రమ అయిపోతుంది.

అనవస్థకు నైయాయికులు చెప్పిన సమాధానం ఆచరణ వైపు నుంచి వచ్చింది. ప్రతి జ్ఞానాన్నీ పరీక్షించనక్కర్లేదు, సందేహం కలిగిన చోట పరీక్షించు చాలు అన్నారు. పని ఫలించిందా అన్నదే పరీక్ష. ఇంజనీర్లూ అక్కడికే చేరారు. ప్రతి లావాదేవీకీ విడి సంఖ్య ఇచ్చారు. అదే సంఖ్యతో పదిసార్లు అడిగినా డబ్బు ఒక్కసారే కోతపడుతుంది, కాబట్టి సందేహం వస్తే నిర్భయంగా మళ్లీ అడగవచ్చు. తర్వాత బ్యాంకులు లెక్కల పుస్తకాలు పక్కపక్కన పెట్టి ఎక్కడ కోత పడి జమ పడలేదో తీరిగ్గా సరిచూస్తాయి. నిశ్చయం తక్షణమే రాకపోయినా, గడువులోగా రావాలని కట్టుబాటు పెట్టుకున్నారు.

నాగారం వాళ్లు రోజూ దాటే ఈసీఐఎల్‌లోనే ఈ అనవస్థకు ఇంకో జవాబు తయారవుతోంది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో మొదలైన సంస్థ అది. ఏఎస్‌రావు నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. దేశంలో ఓటింగ్ యంత్రాలు చేసేవి రెండే సంస్థలు, బెంగళూరు బెల్, మన ఈసీఐఎల్. ఓటరు ముందుండే బ్యాలెట్ యూనిట్ కంటికి కనబడే ముఖం. లెక్క ఉండేది అధికారి దగ్గరున్న కంట్రోల్ యూనిట్‌లో. మధ్యలో తీగ. నొక్కిన గుర్తుకే ఓటు పడిందని ఓటరుకు ఎలా తెలియాలి? ఎర్రదీపం వెలిగితే చాలదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాగితపు ఆధారం ఉండాలని 2013 అక్టోబరు 8న తీర్పు వచ్చింది. అలా దేశమంతటికీ వచ్చిన వీవీప్యాట్‌లో అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడుతుంది. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు యంత్రాల చీటీలు లెక్కించి సరిపోల్చాలని 2019 ఏప్రిల్ 8న కోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన ప్రతిపక్ష నేతల్లో ముందున్నది చంద్రబాబు నాయుడు. చీటీలన్నీ లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న కోర్టు తోసిపుచ్చింది. ఎంత పరీక్షిస్తే చాలు, ఎక్కడ ఆగాలి అన్న చర్చను న్యాయమూర్తులు చట్టం మాటల్లో చేశారు. నైయాయికులైన గంగేశుడూ ఉదయనుడూ విని ఉంటే పక్కన కూర్చుని తమ వాదన కూడా వినిపించేవారు.

మంచి కోసం తెర చిన్న అబద్ధం ఆడితే తప్పేమిటని అడిగేవాళ్లున్నారు. తేలిగ్గా కొట్టేయదగ్గ ప్రశ్న కాదు. 1985లో బ్రాడ్ మైయర్స్ చేసిన పరిశోధనలో పని ఎంతవరకు వచ్చిందో చూపే పట్టీ ఉంటే జనం దాన్నే ఇష్టపడతారని తేలింది. 2011లో ర్యాన్ బ్యూయెల్, మైకేల్ నార్టన్ ఇంకో సంగతి చూపించారు. తమ కోసం తెర వెనక ఏదో శ్రమ జరుగుతున్నట్టు కనబడితే, ఎక్కువసేపు ఆగాల్సి వచ్చినా జనం ఆ సేవకు ఎక్కువ విలువ కడతారు. 2013లో ఎయ్‌టన్ అడార్ తన సహచరులతో కలిసి ఇలాంటి వాటికి 'హితమైన మోసం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టి ఒక పత్రమే రాశాడు. వాడేవాడి కంగారు తగ్గించడానికి పట్టీని కాస్త ముందుకు జరిపితే నష్టమేముంది అన్నది ఈ వాదం.

పోతన భాగవతంలో వామన చరిత్ర చదివిన తెలుగువాళ్లకు ఈ వాదం కొత్తకాదు. పెళ్లి మాటల్లో, ప్రాణమో ధనమో మానమో పోయే వేళ బొంకినా దోషం లేదని శుక్రాచార్యుడు బలికి జాబితా చదివి వినిపిస్తాడు. గురువు చెప్పింది శాస్త్రమే. బలి మాత్రం ఇచ్చిన మాటకు కట్టుబడతాడు. శుక్రుడి జాబితాలో ఉన్న చిక్కు వెబ్‌లో బాగా బయటపడింది. హితం కోసం మొదలైన మినహాయింపు ఎక్కడ ఆగుతుందో చెప్పేదెవరు? కంగారు తగ్గించడానికి జరిపిన పట్టీ పక్కనే, కంగారు పెంచడానికి దొర్లే గడియారం వచ్చి చేరింది. 'ఇంకా రెండు గదులే ఉన్నాయి', 'పది నిమిషాల్లో ధర మారుతుంది' అని అంకెలు దొర్లుతుంటాయి. పేజీ మళ్లీ తెరిస్తే పది నిమిషాలూ మళ్లీ మొదటికి వస్తాయి. వెనక సర్వరులో అలాంటి గడువేదీ లేదు. ఇలాంటివాటి మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించి 13 రకాల పన్నాగాలను నిషేధించింది. లేని తొందరను కల్పించడం అందులో ఒకటి. తేల్చి చెప్పాలంటే, కదలికలో సొగసు ఎంతైనా ఉండనివ్వండి. ఆ కదలిక ఒక సంగతిని చాటుతున్నప్పుడు మాత్రం ఆ సంగతి వెనక ఉండి తీరాలి. ఇక్కడ శుక్రుడి పక్షం వహించకూడదు.

వాత్స్యాయనుడి రెండు షరతుల్లో ఇది రెండోదాని సంగతి, అంటే చెప్పాలన్న చిత్తశుద్ధి. మొదటి షరతు, ఎరిగి ఉండటం, తప్పినప్పుడు జరిగే నష్టం ఇంకా ఘోరం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తెర అబద్ధమాడలేదు, సర్వరులో ఉన్న అంకెనే చూపించింది. తప్పు అక్కడే ఉంది. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చిందని తెర చెప్పింది. పత్రం మళ్లీ తీసి చూస్తే వచ్చినవి 99. దిద్దినవారు అంకెల గడులు నింపడంలో పొరపాటు చేశారు, సరిచూడవలసినవారు చూడలేదు. ఆ తప్పు తీరిగ్గా దిద్దుకున్నారు. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రం పోగొట్టుకున్న పిల్లలను మాత్రం ఎవరూ తేలేరు. ఫెయిలైన వాళ్లందరి పత్రాలనూ రుసుము లేకుండా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. ఆ పరిశీలన ఫలితాల ప్రకటనకు ముందే జరగాల్సిన పని.

ఇక్కడ మీమాంసకుల నుంచే ఇంకో మాట తీసుకోవాలి. వేదం అపౌరుషేయమని, దాన్ని రాసిన మనిషి లేడు కనుక మనిషి లోపాలు అందులో చేరలేదని వాళ్ల సిద్ధాంతం. వేదం సంగతి అలా ఉంచితే, మన కార్యాలయాల్లో ఈ హోదాను కంప్యూటరుకు కట్టబెట్టారు. మీసేవ కేంద్రంలోనో తహసీలు ఆఫీసులోనో వినబడే మాట అందరికీ తెలిసిందే: "సిస్టమ్‌ల అట్లనే చూపిస్తుంది సార్, మా చేతుల ఏం లేదు." ఎవరూ రాయనట్టు, ఎవరూ మార్చలేనట్టు మాట్లాడతారు. సిస్టమ్‌ను రాసింది మనుషులు, అందులో వివరాలు ఎక్కించింది మనుషులు, ఏది చూసి ఎవరిని అనర్హులనాలో నిర్ణయించింది మనుషులు. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. కంప్యూటరు లెక్కతో అనర్హులుగా తేలినవాళ్ల గడప దగ్గరికి వెళ్లి చూడమనడమంటే, ఆ లెక్క పౌరుషేయమని గుర్తుచేయడమే.

తెరలన్నీ మాయ, లోకమే మాయ, ఇంకెందుకీ తర్కం అని వేదాంతం వల్లించేవాళ్లూ ఉంటారు. శంకరులు ఆ మాట అందుకు చెప్పలేదు. బ్రహ్మజ్ఞానం కలిగేదాకా వ్యవహారమంతా వ్యవహారంగానే నడుస్తుందని, అందులో ప్రమాణాలన్నీ చెల్లుతాయని ఆయన భాష్యాలే అంటాయి. వ్యావహారిక సత్యంలో పప్పు పొట్లానికి ధర ఉంది, ధరకు రసీదు ఉంది, రసీదుకు నిజం కావాలి. తన కొట్టు దగ్గర మోసపోయిన చిరువ్యాపారికి పరమార్థం పేరు చెప్పి ఓదార్చడం అద్వైతం అనిపించుకోదు.

ఉప్పల్‌లోనో పోచారంలోనో కూర్చుని ఈ తెరలు రాస్తున్నవాళ్లకు ఒక విన్నపం. టిక్కు గీసే ఆ వరుసను జవాబు అందిన తర్వాతే పెట్టండి. జవాబు రాకపోతే రాలేదని చెప్పే బొమ్మను కూడా టిక్కుకు పెట్టినంత శ్రద్ధ పెట్టి గీయండి. మీ పై అధికారి తొందరపెడితే వాట్సాప్ గడియారాన్ని చూపించండి.

చదువుతున్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. యూపీఐలో మీ ఖాతాలో కోత పడి అవతలి మనిషికి జమ కాకపోతే, మర్నాటికల్లా ఆ డబ్బు దానంతటదే మీ ఖాతాకు తిరిగి రావాలి. దుకాణానికి చేసిన చెల్లింపు ఖరారు కాకపోతే దానికి ఐదు రోజుల గడువు. గడువు దాటిన ప్రతి రోజుకూ బ్యాంకు మీకు 100 రూపాయలు పరిహారం చెల్లించాలి. 2019 సెప్టెంబరు 20న ఆర్‌బీఐ ఇచ్చిన ఉత్తర్వు ఇది. మీరు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా బ్యాంకే ఆ పరిహారం జమ చేయాలని అందులోనే ఉంది. చేయకపోతే ముందు బ్యాంకుకు రాసి ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, అందుకు రుసుము లేదు. వివరాలు అడగడానికి ఫోను నంబరు 14448.